గోడ అవతలి వేపచెట్టుకు తెగులొస్తే

పెరటి చెట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రామమూర్తినగర్. థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైటులో ఇల్లు కట్టుకుని పద్నాలుగేళ్లయింది. ఇంటి వెనక మాకు రెండు వేపచెట్లున్నాయి, గోడకు ఆనుకుని పక్కింటి అజ్జి (అవ్వ) వాళ్లది ఇంకో పెద్ద వేప ఉంది. ఆగస్టు నుంచి ఆ పెద్ద చెట్టు కొమ్మల చివర్లు ఎండటం మొదలైంది, దసరా నాటికి చెట్టంతా మంట తగిలినట్టు మాడిపోయింది. దీపావళికి మా చెట్టు ఒకదానికి కూడా అదే పట్టుకుంది. ఇది అంటుకునే తెగులని వాట్సాప్‌లో చదివి మా లేఔట్ అసోసియేషన్ వాళ్లు అజ్జికి ఒక కాగితం ఇచ్చారు. పదిహేను రోజుల్లో చెట్టు కొట్టించకపోతే కార్పొరేషన్ వాళ్లే లోపలికొచ్చి కొట్టేస్తారని, ఖర్చు ఆవిడే కట్టుకోవాలని అందులో ఉంది. ఆవిడ రోజూ ఆ చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి నీళ్లు పోసే మనిషి. కాగితం వచ్చిన దగ్గర్నుంచి సరిగ్గా తినడం లేదు. మా ఆయనేమో, మన చెట్లు కూడా పోతాయి, కొట్టించడమే మేలు అంటున్నారు. నిజంగా కార్పొరేషన్‌కు ఆ అధికారం ఉందా? నాకు ఎవరి వైపు మాట్లాడాలో అర్థం కావడం లేదు, ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ చెట్టును కొట్టించకండమ్మా. కనీసం ఉగాది దాకా ఎవర్నీ గొడ్డలి ఎత్తనివ్వకండి. అధికారం సంగతి తర్వాత చెబుతాను.

మీరు రాసిన లక్షణాలు, నెలలు అన్నీ వేపకు వచ్చే ఎండుకొమ్మ తెగులుకు సరిపోతున్నాయి. దీన్ని డైబ్యాక్ అంటారు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. జీడిమామిడి రైతులకు బాగా తెలిసిన టీ దోమ అనే నల్లి జాతి పురుగు లేత చిగుళ్లను పొడిచి రసం పీల్చినప్పుడు ఆ గాయాల్లోంచి శిలీంధ్రం ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది. వానలు మొదలయ్యాక కనిపించి, వానలు వెనకబట్టే నాటికి ముదిరి, చలికాలంలో చెట్టు చచ్చిపోయిందా అన్నంతగా భయపెడుతుంది. 2021లో తెలంగాణ అంతటా ఇలాగే జరిగింది, మీ బంధువులెవరైనా అక్కడుంటే అడగండి, ఊళ్లకు ఊళ్లు వేపచెట్లు గోధుమ రంగులోకి మారి జనం హడలిపోయారు. ఆ తర్వాత ఎండాకాలం వచ్చేసరికి వాటిలో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. బాధ కలిగించే విషయమేమిటంటే, అంతవరకు ఓపిక పట్టలేక కొట్టేసిన చెట్లు కూడా ఉన్నాయి.

చెట్టు బతికుందో లేదో మీరే చూసుకోవచ్చు. ఎండిన రెమ్మ కాకుండా కాస్త లావుపాటి కొమ్మ మీద గోరుతో బెరడు గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే బతికే ఉన్నట్టు. ఆ పచ్చదనాన్ని అజ్జికి ముందు చూపించండి, తర్వాత అసోసియేషన్ వాళ్లకు చూపించండి.

ఇక అంటుకోవడం గురించి. నిజమే, ఇది అంటుకునే తెగులే, మీ ఆయన భయంలో తప్పు లేదు. కానీ ఎలా అంటుకుంటుందన్నది అసలు ప్రశ్న, ఈ విషయంలో మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఈ శిలీంధ్రం బీజాలు వాన చినుకుల తుంపర్లలో, గాలిలో తిరుగుతాయి, టీ దోమేమో ఎగిరే పురుగు. మీ వీధిలో, పక్క వీధిలో, రైల్వే లైను పక్కన ఎక్కడ వేపచెట్టుంటే అక్కడ ఇది ఈపాటికే చేరి ఉంటుంది. అజ్జి చెట్టును నేలమట్టం చేసినా మీ చెట్టుకు వచ్చేది ఆగదు. ఎండిన రెమ్మల్ని కత్తిరించి తీసేస్తే బీజాలు కొంత తగ్గుతాయి, అంతవరకు లాభమే.

ఇప్పుడు అధికారం సంగతి. బెంగళూరులో 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం అమల్లో ఉంది. దాని కింద ట్రీ ఆఫీసర్ అని ఒక అటవీ అధికారి ఉంటారు. 2025 సెప్టెంబరులో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ ఏరియాకు ఏ ఆఫీసో 1533 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడగండి. ఈ చట్టం మీ సొంత స్థలంలో ఉన్న చెట్టుకు కూడా వర్తిస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఇదే, నా గోడ లోపల చెట్టు నా ఇష్టం అనుకుంటారు. ఆ ఆఫీసర్ అనుమతి లేకుండా వేపచెట్టును కొట్టడం నేరం. పైగా ఈ చట్టంలో ‘కొట్టడం’ అనే మాట కిందకు కొమ్మలు నరకడం, బెరడు చుట్టూ ఒలవడం, మందు పెట్టి చంపడం కూడా వస్తాయి. చెట్టు చచ్చిపోయినా, రోగం పట్టినా, మనుషుల మీదో ఇంటి మీదో పడేలా ఉన్నా అనుమతి ఇవ్వడానికి అందులో వీలుంది, కానీ ఇల్లుగలవాళ్లు అడగాలి, ఆఫీసర్ వచ్చి చూడాలి. అంటే చెట్టును మనిషి నుంచి కాపాడటానికి రాసిన చట్టమిది. పక్కింటి చెట్టును రోగిష్టి చెట్టు నుంచి కాపాడటానికి రాసింది కాదు. అసోసియేషన్ ఇచ్చిన కాగితానికి దీని కింద ఏ విలువా లేదు. పదిహేను రోజుల గడువు వాళ్ల ఊహ. భయపడి అజ్జి, ఆఫీసర్ అనుమతి లేకుండా కొట్టించి ఉంటే కేసు ఆవిడ మీదే పడేది.

మరి తెగులును ఆపడం కోసం ప్రభుత్వం ప్రైవేటు స్థలంలోకి రావడానికి అసలు చట్టమే లేదా అంటే, ఉంది. మన ఆంధ్ర జిల్లాలు మద్రాసులో ఉన్న కాలంలోనే, 1919లో, మద్రాసు వ్యవసాయ పురుగులు తెగుళ్ల చట్టం వచ్చింది. కర్ణాటకకు అలాంటిదే 1968లో వచ్చింది. ప్రభుత్వం ఫలానా తెగులు, ఫలానా ప్రాంతం అని నోటిఫికేషన్ ఇస్తే, అక్కడ భూమి అనుభవిస్తున్నవాళ్లు చెప్పిన చర్యలన్నీ తీసుకోవాలి. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చి చూడొచ్చు, నోటీసు ఇచ్చినా చేయకపోతే తనే చేయించి ఖర్చు వసూలు చేయొచ్చు. గట్టి చట్టమే, కానీ నోటిఫికేషన్ రావాలి, అది ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. ఇందులో మీ లేఔట్ ప్రెసిడెంటుకు ఏ పాత్రా లేదు.

కొన్ని బయటి దేశాల్లో నగరపాలక సంస్థలకు ఈ అధికారం నేరుగా ఉంటుంది. డచ్ ఎల్మ్ తెగులు అని ఎల్మ్ చెట్లను చంపే శిలీంధ్రం ఒకటుంది. హాలండ్ శాస్త్రవేత్తలు 1920ల్లో దాన్ని మొదట పరిశోధించారు కాబట్టి ఆ పేరు. బెరడు కింద గుడ్లు పెట్టే చిన్న పెంకు పురుగులు దాన్ని మోస్తాయి. చచ్చిన చెట్టును పెరట్లో అలాగే ఉంచితే అందులోంచి వేల పురుగులు లేచి వీధి మొత్తానికి పోతాయి. పక్కపక్క చెట్ల వేళ్లు భూమిలో అతుక్కుని ఉంటే వేళ్ల ద్వారా కూడా పాకుతుంది. బ్రిటన్‌లో రెండున్నర కోట్లకు పైగా చెట్లు పోయాయి. అందుకే అక్కడ 1984 నాటి ఒక ఉత్తర్వు కింద స్థానిక సంస్థల మనుషులు ప్రైవేటు తోటల్లోకి వచ్చి చూసి, చెట్టు తీసేయమని నోటీసు ఇవ్వొచ్చు. అమెరికాలో మిన్నియాపొలిస్ లాంటి నగరాల్లో తెగులు సోకిన చెట్టుకు గుర్తు వేస్తారు, గడువులోపు ఇంటివాళ్లు తీయకపోతే నగరమే తీయించి ఆ ఖర్చు ఆస్తిపన్నులో కలుపుతుంది. వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ ఇంగ్లండులో సముద్రతీరాన ఉన్న బ్రైటన్ అనే ఊళ్లో దశాబ్దాలుగా వెంటవెంటనే వెతికి తీసేస్తూ ఉన్నందువల్లే ఈరోజుకీ వేల ఎల్మ్ చెట్లు నిలబడి ఉన్నాయి. ఆ తెగులు ప్రయాణించే దారి అలాంటిది, చెట్టు తీస్తే దారి తెగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు అనుభవం ఫ్లోరిడాలో. 1995లో మియామీ దగ్గర నిమ్మజాతి చెట్లకు క్యాంకర్ అనే బ్యాక్టీరియా తెగులు కనిపించింది. తోటల వ్యాపారాన్ని కాపాడాలని, తెగులు సోకిన ఒక్క చెట్టుకు 1,900 అడుగుల లోపు ఉన్న ప్రతి నిమ్మ, నారింజ చెట్టునూ, ఆరోగ్యంగా ఉన్నా సరే, ఇళ్ల పెరళ్లలోకి వచ్చి కొట్టేశారు. మొదటి చెట్టుకు 100 డాలర్ల కూపన్, ఆపైన చెట్టుకు 55 డాలర్లు చేతిలో పెట్టారు. జనం కోర్టుకెళ్లారు. 2004లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందనే చెప్పింది. తీరా 2004, 2005 తుఫానులకు ఆ బ్యాక్టీరియా గాలివానలో కొట్టుకుపోయి ఊరూరా చేరింది, 2006 జనవరిలో ఆ నిర్మూలన పథకాన్నే ఎత్తేశారు. లక్షల పెరటి చెట్లు అప్పటికే పోయాయి. నష్టపరిహారం కేసులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచాయి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కార్పొరేషన్‌కు గోడ దాటి వచ్చి చూసే అధికారం ఉండాలి, అవసరమైతే తీయించే అధికారం కూడా ఉండాలి, తెగులుకు సైటు కొలతలు తెలియవు కదా. కానీ ముందు అది ఏ తెగులో ల్యాబులో తేలాలి, తీసేస్తే ఆగే తెగులే అని తేలాలి, వీధి మొత్తం మేలు కోసం ఒకరి చెట్టు పోతున్నప్పుడు కూలి ఖర్చు ఆ ఒక్కరి మీద వేయకూడదు. ఒక ముసలావిడ చేత క్రేన్ కిరాయి కట్టించి వీధికి మేలు చేశామనుకోవడం నాకు అసలు నచ్చదు.

మీరు చేయాల్సింది చెబుతాను. కొత్తగా ఎండుతున్న రెమ్మ ఒకటి, పక్కనే ఉన్న పచ్చి భాగంతో సహా కత్తిరించి, కాగితం సంచిలో పెట్టి జీకేవీకే క్యాంపస్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గానీ మల్లేశ్వరంలోని వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ అడగండి. రెమ్మలు కత్తిరించడానికి అజ్జి పేరు మీదే ట్రీ ఆఫీసర్‌కు ఒక అర్జీ పెట్టండి, ఆవిడకు కన్నడంలో రాసిపెట్టే సాయం మీరు చేయండి. కత్తిరించినవి పోగుపెట్టి మూలన పడేయకండి. నలభై అడుగుల చెట్టుకు ఇళ్ల మధ్య మందు పిచికారీ చేయిస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి, ఆ మందు కిటికీల్లోంచి మీ వంటింట్లోకి వస్తుంది. చిన్న మొక్కలకైతే వానలు పడగానే శిలీంధ్రనాశని కొట్టించొచ్చు, అలా కొట్టిన చెట్టు పువ్వును మాత్రం ఆ ఏడు ఉగాది పచ్చడిలో వేయకండి. మొదట్లో కాస్త పశువుల ఎరువు వేయండి, ఎండలు ముదిరాక నీళ్లు పోయండి. ఆవిడ రోజూ పోస్తున్న నీళ్లు ఆ చెట్టుకు మంచే చేస్తున్నాయని నా మాటగా చెప్పండి.

ప్రశ్న: యలహంక దగ్గర మాకు పాత ఇల్లు, పెరట్లో ఐదు కొబ్బరిచెట్లు ఉన్నాయి. రెండింటి మొదట్లో పగుళ్లలోంచి ఎర్రటి జిగురు కారుతోంది, కింది మట్టలు వేలాడిపోయాయి, కాపు తగ్గింది. పక్క సైటు ఖాళీ. దాని ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు. అక్కడ చచ్చిపోయిన కొబ్బరి మోడు ఒకటి మూడేళ్లుగా నిలబడి ఉంది, వానాకాలంలో దాని మొదట్లో అరల్లాగా పుట్టగొడుగులు వస్తాయి. మందుల షాపులో ఇచ్చింది పోస్తున్నా ఏం గుణం లేదు. మా మామగారిది అమలాపురం, ఆ మోడే కారణం, దాన్ని పీకించు అని ఫోనులో రోజూ పోరుతున్నారు. వేరేవాళ్ల సైటులోది నేనెలా పీకించను?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: మీ మామగారు చెప్పింది నిజమే అయ్యుంటుంది, కోనసీమ మనిషి కొబ్బరి గురించి చెబితే వినాలి. పై జవాబులో చెట్టు కొట్టొద్దని అంత గట్టిగా రాశాను గానీ ఇక్కడ నా మాట వేరు, ఎందుకంటే ఈ తెగులు నడిచే దారి వేరు.

ఇది గానోడెర్మా. 1952 తుఫాను తర్వాత తంజావూరు ప్రాంతంలో బయటపడి తంజావూరు ఎండు తెగులు అనే పేరు తెచ్చుకుంది. ఇది మట్టిలో ఉంటుంది, రోగం ఉన్న వేరు నుంచి ఆరోగ్యంగా ఉన్న వేరుకు పాకుతుంది. మోడు మొదట్లో మీరు చూస్తున్న ఆ పుట్టగొడుగులు ఈ శిలీంధ్రం కాయలే, వాటి నుంచి కూడా బీజాలు రాలుతాయి. చచ్చిన మోడు, దాని బొండు, వేళ్లు భూమిలో ఉన్నంతకాలం దానికి తిండి దొరుకుతూనే ఉంటుంది. ఒక్కటి సరిచూసుకోండి. జిగురు నేలకు దగ్గరగా మొదలై పైకి పోతోందా, లేక కాండం మధ్యలో ఎక్కడో కారుతోందా? మధ్యలో మాత్రమే కారుతూ పుట్టగొడుగులు లేకపోతే అది కాండం నుంచి రసం కారే ఇంకో తెగులు కావచ్చు, దానికి చికిత్స వేరు.

గానోడెర్మానే అయితే మీ వైపు చేయాల్సింది చాలా ఉంది. జబ్బుచేసిన చెట్లను విడిగా ఉంచడానికి మొదలుకు నాలుగడుగుల దూరంలో చుట్టూ రెండడుగుల లోతు, ఒక అడుగు వెడల్పు కందకం తవ్వించండి. ప్రతి చెట్టుకూ ఏడాదికి 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా విరిడె అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి వేయండి, బాగున్న మూడింటికి కూడా. అన్నిటికీ కలిపి ఒకే కాలువలో నీళ్లు పారించకండి, జబ్బు చెట్టు దగ్గరి నీళ్లు మంచి చెట్టు దగ్గరికి పోకూడదు. ఆ కందకం తప్ప ఇంకెక్కడా వేళ్లు తెగేలా తవ్వకండి. నెలనెలా షాపువాడిచ్చే సీసా పోయడం ఆపేయండి. ఇప్పటికే మొవ్వు దాకా వాడిపోయిన చెట్టుంటే దాని మీద ఆశ పెట్టుకోకుండా వేళ్లతో సహా తీయించి కాల్చేయండి.

పక్క సైటు గురించి. కొబ్బరికి చెట్ల సంరక్షణ చట్టంలో మినహాయింపు ఉంది, సరుగుడు, నీలగిరి, సిల్వర్ ఓక్ లాంటివాటికి ఉన్నట్టే. కాబట్టి మోడు తీయడానికి ఆ ఓనరుకు అనుమతి గొడవ లేదు. మీరు మాత్రం ఆయన ఒప్పుకోకుండా లోపలికి పోకండి, మంచి పనికే అయినా అది అతిక్రమణే అవుతుంది. పుట్టగొడుగుల ఫొటో, మీ చెట్ల ఫొటో పంపి, కూలి ఖర్చు చెరిసగం పెట్టుకుందాం, మనిషిని నేను మాట్లాడతాను అని రాయండి. దూరంగా ఉండే ఓనర్లలో ఎక్కువమందికి అక్కడ ఏముందో కూడా తెలియదు, అడిగితే ఒప్పుకుంటారు. రాతపూర్వకంగా ఒక్క మెసేజ్ అయినా దగ్గర పెట్టుకోండి.

ఆయన పలక్కపోతే తెగులు పేరు చెప్పి వెళ్లకండి, ప్రమాదం పేరు చెప్పి వెళ్లండి. మూడేళ్ల కిందట చచ్చి, మొదలు కుళ్లిన మోడు మీ ఇంటి మీదో దారి మీదో పడేలా ఉంటే, భారతీయ నాగరిక్ సురక్ష సంహిత అనే నేర విచారణ విధాన చట్టంలో 152వ సెక్షన్ కింద దాన్ని తీయించమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వగలరు. పాత సీఆర్‌పీసీలో 133గా ఉన్నదే 2024 జూలై నుంచి ఇలా మారింది. అదే ఫిర్యాదు కార్పొరేషన్‌లో కూడా ఇవ్వండి. గాలివాన రాకముందే ఇవ్వండి, ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో వచ్చే వానగాలుల గురించి మీకు చెప్పక్కర్లేదు. మోడు కూలిన తర్వాత బొండు, వేళ్లు కూడా తవ్వి తీయించే బాధ్యత మాత్రం మీరే తీసుకోండి, కూలివాళ్లు నేల మట్టానికి కోసి వెళ్లిపోతారు, మీకు కావాల్సింది భూమి లోపల ఉన్న భాగం పోవడం.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో మా విల్లా కాంపౌండులో తనంతట తానే మొలిచిన గంధపుచెట్టు ఉంది. ఈమధ్య ఆకులు బాగా చిన్నవై, రెమ్మలు ముళ్లకంపలాగా నిక్కబొడుచుకుని నిలబడుతున్నాయి. తోటమాలి అంటురోగం, రాత్రికి రాత్రి తీసేద్దాం సార్, దుంగ నేను చూసుకుంటా అంటున్నాడు.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: తోటమాలికి ఈరోజే వద్దని చెప్పండి. మీరు రాసింది స్పైక్ తెగులు లాగే ఉంది. 1899లో కొడగులో మొదట గుర్తించారు, మైసూరు గంధాన్ని అప్పట్నుంచి పీడిస్తూనే ఉంది. ఫైటోప్లాస్మా అనే అతి సూక్ష్మ జీవి దీనికి కారణం, రసం పీల్చే పురుగులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తాయి. దీనికి మందు లేదు, సోకిన చెట్టు కొన్నేళ్లలోనే చచ్చిపోతుంది. కాబట్టి చుట్టుపక్కల ఇంకా గంధపుచెట్లుంటే దీన్ని తీసేయడమే మంచిది, ఆ మాటలో మీ తోటమాలి తప్పు చెప్పలేదు.

కానీ గంధం విషయంలో తీసే పద్ధతి చాలా ముఖ్యం. ఒకప్పుడు కర్ణాటకలో మీ పెరట్లో మొలిచినా గంధపుచెట్టు ప్రభుత్వానిదే. 2001లో చట్టం మార్చి స్థలం ఉన్నవాళ్లకు హక్కు ఇచ్చారు, అయినా కొట్టడానికి, దుంగ కదిలించడానికి అటవీశాఖ అనుమతి కావాల్సిందే. రాత్రికి రాత్రి పోయిన దుంగ ఎక్కడ దొరికినా అది దొంగ గంధమే అవుతుంది, మొదట అడిగేది మిమ్మల్నే. ఫొటోలు తీసి అటవీశాఖకు అర్జీ ఇవ్వండి. మల్లేశ్వరం వుడ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ తెగులు మీదే పనిచేస్తున్నారు, రెమ్మ అక్కడ చూపించండి. అనుమతి వచ్చేదాకా రాత్రిపూట ఆ మూల ఒక లైటు వేసి ఉంచండి.